పైరేట్ మాస్టర్

అమెరికాలో సీబీఎస్ ఛానెల్ 2007 మే 31న మొదలుపెట్టిన రియాలిటీ షో. సృష్టికర్త 'సర్వైవర్' నిర్మాత మార్క్ బర్నెట్. వ్యాఖ్యాత ఆస్ట్రేలియా నటుడు కామెరాన్ డాడో. కరీబియన్ ద్వీపదేశం డొమినికాలో చిత్రీకరించారు.

పదహారు మంది పోటీదారులు సముద్రపు దొంగల వేషంలో ఓడలో ఉంటూ, దీవిలో దాచిన నిధుల కోసం వెతకాలి. మొత్తం నిధి విలువ 10 లక్షల డాలర్లు. దొరికినదాంట్లో సగం కెప్టెన్‌దే. మిగతాది ఇద్దరు అధికారులకు, నావికులకు. ఈ పంపకమే తగవులకు మూలం. కెప్టెన్ 'నల్ల మచ్చ' ఇచ్చినవారిలో ఒకరిని ఓటుతో సాగనంపుతారు. నావికులంతా ఒక్కమాట మీద నిలిస్తే తిరగబడి కెప్టెన్‌నే పంపేయవచ్చు. నల్ల మచ్చ స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' నవల నుంచి వచ్చింది. సగం వాటా మాత్రం చరిత్రకు దూరం: 18వ శతాబ్దపు దొంగ బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడ నియమావళిలో కెప్టెన్‌కు దక్కేది రెండు వాటాలే. అసలు దొంగలే నయమనిపిస్తుంది.

షోలో నిజమైన ఆకర్షణ పిక్టన్ క్యాజిల్ ఓడ. 1928లో చేపల వేటకు కట్టిన ఈ ఆవిరి ట్రాలర్, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున సముద్రంలోని మందుపాతరలు ఏరింది. 1990లలో కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో మూడు కొయ్యల తెరచాప ఓడగా మారి, శిక్షణార్థులతో ప్రపంచాన్ని చుట్టివచ్చింది.

ప్రేక్షకాదరణ తగ్గడంతో సీబీఎస్ జులైలోనే ప్రసారం ఆపేసి, మిగిలిన భాగాలను ఇంటర్నెట్‌లో ఉంచింది.