డొమైను నామాన్వేషణ విలంబము

ఇంటనున్న డెస్క్‌టాప్ కంప్యూటరుపై వెబ్‌సైటు పేరును టైపు చేసిన పిమ్మట, ఆ పేరునకు సరియైన సంఖ్యారూపమగు చిరునామా దొరకుటకే మిక్కిలి కాలము పట్టి, బ్రౌజరు చేష్టలుడిగినట్లు నిలిచి, ఆపైన పుట యంతయు ఒక్కపెట్టున తెరచుకొనుట ఈ దోషముయొక్క ప్రధాన లక్షణము. పుట మెల్లమెల్లగా, బొమ్మ వెంట బొమ్మగా వచ్చుచున్నచో లోపము కనెక్షను వేగమునందున్నది. మొదట శూన్యమై, తరువాత అంతయు వేగముగా వచ్చినచో లోపము పేరును వెదకుటయందున్నది. ఈ భేదమును గుర్తింపక, నెట్ చాలుట లేదని ఎక్కువ ధరగల ప్లానునకు మారువారు కలరు; వారి డబ్బు పోవును గాని ఆ నిరీక్షణము పోదు.

ఇంటర్నెట్‌నకు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో యంత్రముల పేర్లన్నియు ఒకే జాబితాయందుండెడివి. కాలిఫోర్నియాలోని మెన్లోపార్క్ నగరమున, ఎస్.ఆర్.ఐ. పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడపిన సమాచార కేంద్రము దానిని కూర్చుచుండగా, తక్కిన స్థలములవారు దాని ప్రతిని తెప్పించుకొనుచుండిరి. యంత్రములు పెరిగినకొలది ఆ జాబితా మోయరాని బరువు కాగా, 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను, అనగా డి.ఎన్.ఎస్.ను, ప్రతిపాదించెను. 1987 నవంబరులో వెలువడిన 1034, 1035 సంఖ్యల ఆర్.ఎఫ్.సి. అను ఇంటర్నెట్ నియమ పత్రములు నేటికిని దానికి మూలాధారములు. పేర్లపై అధికారమును ఒక్కచోట నుంచక అంచెలంచెలుగా పంచియిచ్చుట ఈ పద్ధతిలోని కీలకము: ‘ఏ’ మొదలు ‘ఎమ్’ వరకు 13 అక్షరములతో పిలువబడు మూల సర్వర్లు .కామ్, .ఇన్ వంటి అగ్రనామముల సంగతి ఎవరినడుగవలెనో చెప్పును. వారు ఆ క్రిందివారిని చూపుదురు. చివరి అంచెవారు చిరునామానిత్తురు. తెలుగు లిపిలో .భారత్ అను అగ్రనామము కూడ కలదు. అది తీగపై రోమను అక్షరముల మారురూపమున ప్రయాణము చేయును గావున, లిపిభేదమువలన ఆలస్యమేమియు కలుగదు.

గృహస్థుని కంప్యూటరు ఈ అంచెలన్నిటిని స్వయముగా ఎక్కి దిగదు. అది ఇంటి రౌటరునడుగును, రౌటరు నెట్ సంస్థవారి సర్వరునడుగును, ఆ సర్వరు అవసరమైనచో మూలము నుండి వెదకి, దొరకిన జవాబును దానిపై వ్రాసియున్న గడువు తీరువరకు జ్ఞాపకముంచుకొనును. పెక్కు రౌటర్లలో పనిచేయు డి.ఎన్.ఎస్.మాస్క్ అను చిన్న ప్రోగ్రాము కూడ, వేరుగా చెప్పనిచో 150 పేర్ల వరకు గుర్తుంచుకొనును. విండోస్ తన జ్ఞాపకమును తాను కలిగియున్నది. లినక్సునందు ప్రోగ్రాముల తరపున పేర్లను వెదకు జీలిబ్‌సీ గ్రంథాలయమునకు మాత్రము స్వతస్సిద్ధముగా అట్టి జ్ఞాపకము లేదు. ప్రక్కన వేరొక సేవ పనిచేయుచుండనిచో, క్షణము క్రిందట అడిగిన పేరునే మరల అడుగును. కావుననే ఒకే రౌటరు క్రింద ఈ రెండు విధముల యంత్రములున్న యింట లినక్సు యంత్రమొక్కటే ఈ రోగముతో బాధపడుట తరచుగా కనబడును. ఈ వ్యాసమున దానినే విశేషముగా గ్రహించితిమి.

డి.ఎన్.ఎస్. ప్రశ్నలు సాధారణముగా యు.డి.పి. పద్ధతిన 53వ పోర్టునకు పోవును. ఈ పద్ధతి పోస్టుకార్డు వంటిది; చేరినదన్న రసీదు రాదు. కార్డు దారిలో పోయినదో, పుచ్చుకొన్నవాడు జవాబు వ్రాయలేదో, జవాబే దారి తప్పినదో పంపినవానికి తెలియు మార్గము లేనందున, కొంతకాలము వేచియుండి మరల వ్రాయుటకంటె వేరు గతి లేదు. ఆ వేచియుండు కాలము జీలిబ్‌సీలో 5 సెకనులు, ప్రయత్నములు 2, చూడదగిన సర్వర్లు 3కు మించవు. విండోస్ ఇంత ఓర్పు గలది కాదు. సుమారొక సెకను గడచినంతనే రెండవ సర్వరును పలుకరించును.

రోగనిర్ణయమునకు ఈ 5 అను అంకె గట్టి ఆధారము. గాజుతంతువులో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును; భూగోళమునకు సరిగా అవతలి ప్రక్కన, ఇరువది వేల కిలోమీటర్ల దూరముననున్న సర్వరునడిగినను పోకరాకలకు పట్టునది సెకనులో అయిదవ వంతు మాత్రమే. అట్టియెడ ప్రతి పేరునకును అయిదేసి సెకనులు, లేక పదేసి సెకనులు పట్టుచున్నచో, అచట ఎవరును మెల్లగా పని చేయుట లేదు. ఎవరో రాని జవాబు కొరకు కూర్చుండియున్నారు. విలంబము అర సెకను, ముప్పావు సెకనుగా మారుచుండినచో కారణము దూరముననున్న లేక పని వత్తిడిగల సర్వరు కావచ్చును. కనుక గడియారము చూడక ముందు ఏ సెట్టింగును ముట్టరాదు.

కొలుచుటకు డిగ్ అను ఆజ్ఞ తగినది. పేరునిచ్చి అడిగినచో జవాబు క్రింద పట్టిన కాలమును మిల్లీసెకనులలోను, జవాబిచ్చిన సర్వరు చిరునామాను చూపును. అదే పేరును రెండవసారి అడిగినపుడు కాలము బాగుగ తగ్గినచో పై సర్వరు జ్ఞాపకముంచుకొనుచున్నదని అర్థము. అయితే డిగ్ ప్రశ్నను నేరుగా సర్వరునకు పంపును. బ్రౌజరు మున్నగు ప్రోగ్రాములు నడచు దారిన అది పోదు. ఆ దారిని పరీక్షించునది గెటెంట్ అను ఆజ్ఞ. డిగ్ వేగముగాను, గెటెంట్ ఆలస్యముగాను జవాబిచ్చినచో దోషము సర్వరునందు కాదు, యంత్రములోనే వెదకవలెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నడపి చూచుట, గంటసేపు ఊహలు చేయుటకంటె మేలు.

కారణములలో సులభమైనది మృతసర్వరు. ఈటీసీ సంచయమునందలి రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అను దస్త్రములో మొదటి పంక్తిననున్న సర్వరు ఎన్నడో మూతపడి, రెండవది చక్కగా పనిచేయుచున్నపుడు, జీలిబ్‌సీ ప్రతి పేరునకును మొదటిదానినే ముందడిగి, అయిదు సెకనులు కాచి, ఆపైన రెండవదానికి పోవును. నిన్నటి అనుభవము దానికి నేడు గుర్తుండదు. ఆ మొదటి పంక్తిని తొలగించుటే చికిత్స.

ఇంతకంటె గహనమైనది జంటప్రశ్నల దోషము. పాత పద్ధతి చిరునామాకు ‘ఏ’ అనియు, ఐ.పి.వి.6 అను కొత్త పద్ధతి చిరునామాకు నాలుగు ‘ఏ’ లనియు రెండు విధములైన ప్రశ్నలు కలవు. 2008లో వెలువడిన జీలిబ్‌సీ 2.9 మొదలుకొని, కాలము కలసివచ్చునను సదుద్దేశముతో, ఈ రెండును ఒకే ద్వారమునుండి ఒకేసారి పంపబడుచున్నవి. చౌక రౌటర్లు కొన్ని ఈ జంటను చూచి తికమకపడి, ఒకదానికి జవాబిచ్చి రెండవదానిని జారవిడుచును. కంప్యూటరు చేతికందిన జవాబును పట్టుకొని, అందని దానికొరకు అయిదు సెకనులు కాచును. డిగ్ ఒక్క ప్రశ్ననే పంపును గావున దానికీ దోషము కనబడదు. వేగము కొరకు చేసిన మార్పే విలంబమునకు మూలమైన ఈ విపరీతము చాలమందిని దారి తప్పించినది. 2.10లో దీనికి సింగిల్-రిక్వెస్ట్ అను ఐచ్ఛికమును చేర్చిరి. దానిని రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో ఆప్షన్స్ పంక్తియందు వ్రాసినచో ప్రశ్నలు ఒకదాని తరువాత నొకటి పోవును. కాని ఆ దస్త్రమును చేతితో దిద్దిన దిద్దుబాటు మరల కనెక్షను కలిపినంతనే చెరిగిపోవుట సాధారణము, ఏలననగా దానిని నెట్‌వర్క్ మేనేజర్ వంటి సేవలు తామే వ్రాయుచుండును. కావున మార్పును ఆ సేవ సెట్టింగులలోనే చేయవలెను. దస్త్రములో 127.0.0.53 అను చిరునామా మాత్రమే యున్నచో ప్రశ్నలను సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అను సేవ పుచ్చుకొనుచున్నదని తెలియవలెను.

మరియొక కారణము వెదకు క్రమము. ఈటీసీ సంచయమునందే యున్న ఎన్‌ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ అను దస్త్రములోని హోస్ట్స్ పంక్తి, పేరును మొదట ఎచట, పిదప ఎచట వెదకవలెనో నిర్ణయించును. ఇంటిలోని యంత్రములకు .లోకల్‌తో ముగియు పేర్లు పెట్టుకొన్నవారు, ఆ అంత్యపదము 2013లో 6762వ ఆర్.ఎఫ్.సి.చే స్థానిక ప్రసార పద్ధతికి ప్రత్యేకింపబడినదని ఎరుగక, అట్టి పేర్ల వెదకులాట రౌటరునకు పోకుండ ఇంటి నెట్‌వర్కులో కేకవేసి నిలిచిపోవుట చూచి విస్తుపోవుదురు. యంత్రము తన పేరును హోస్ట్స్ దస్త్రములో కలిగియుండనిచో, నెట్‌తో ఏ పనియు లేని సూడో ఆజ్ఞ సైతము ఆ పేరును వెదకుచు కొంత తడవు నిలుచుట కలదు.

నెట్ సంస్థ సర్వరే మందకొడిదని కొలతలవలన తేలినపుడు, గూగుల్ 2009 డిసెంబరున నెలకొల్పిన 8.8.8.8ను గాని, క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్ 1న ప్రారంభించిన 1.1.1.1ను గాని వాడుకొనవచ్చును. అయినను ముందుగా డిగ్‌తో వానిని, ఉన్నదానిని పోల్చి చూచుకొనుట యుక్తము; ఏలననగా వీడియోలను, బొమ్మలను పంచు సంస్థలు కొన్ని అడిగిన సర్వరు ఉన్న చోటును బట్టి దగ్గరి యంత్రము చిరునామానిచ్చును, సర్వరు దూరమైనచో దూరపు యంత్రమే మన పాలబడి, పేరు త్వరగా దొరకినను పుట ఆలస్యమగును. డిగ్, గెటెంట్ రెండును కొలది మిల్లీసెకనులలోనే జవాబిచ్చుచుండగా బ్రౌజరు మాత్రము నిలిచిపోవుచున్నచో, చిరునామా దొరకినదనియు, ఆ చిరునామాకు పోవు ఐ.పి.వి.6 మార్గము తెగియున్నదేమోననియు పరీక్షింపవలెను. అది నామాన్వేషణ దోషము కాదు.