సొంతమా, కౌలా?

పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు ఊళ్లలో సర్వే ఫారాలు పట్టుకుని తిరిగిన ఉద్యోగం నాది. ఈ నల్లరేగడి ఊళ్లలో ఎప్పుడు వెళ్లామన్నదే సగం పని. పత్తి తీతలప్పుడో, మిరపకోతలప్పుడో వెళితే ఇళ్లకు తాళాలు. కాయ కల్లంలో ఆరి, గుంటూరు యార్డులో అమ్ముడుపోయి, ఉగాది వెళ్లాక అయితే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఎకరాలు, సెంట్లు, క్వింటాళ్లు గడగడా చెప్పేస్తారు. సొంతమా, కౌలా అన్న దగ్గరే గొంతు తగ్గుతుంది. కౌలు ఇక్కడ నోటిమాట. సాగు లెక్కలు రాసే అడంగల్లో ఉండేది ఊరొదిలి వెళ్లిన ఆసామి పేరు. కౌలుదారు నిజం చెప్పి ఫారంలోకి ఎక్కితే, పైయేడు ఆ చేను ఇంకొకరికి పోతుందేమోనని భయం.

అప్పుదీ అదే తంతు. 'అప్పెంత?' అంటే సొసైటీ బాకీ చెప్పి ఊరుకుంటారు. 'మందుల కొట్లో ఖాతా ఎంతుంది, కమీషన్ వ్యాపారి దగ్గర ఎంత వాడారు?' అని విడివిడిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి, ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్న కాలం చూసినవాళ్లకు ఆ ఖాతాల బరువు తెలుసు. 2003లో జాతీయ నమూనా సర్వే దేశంలో 48.6 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేల్చింది; అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 82 శాతం.

ఎలా అడిగామన్నదే కాదు, అడిగే మనిషెవరన్నదీ ముఖ్యమే; ఆ ప్రశ్న పాతదే. మద్రాసు విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థుల చేత గ్రామాల వివరాలు రాయించి, 1918లో పుస్తకం వేశాడు. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా గారు 1926లో డెల్టా గ్రామాల ఆర్థిక స్థితి మీద తన పుస్తకం తెచ్చారు. ఊరివాడికి అరుగు దొరుకుతుంది, నిజమే. ఆ ఊరివాడి ముందే మాలపల్లెలో నోరు విప్పుతారా అన్నది నా అనుమానం.

నాకు బాగా నచ్చిన పని డెల్టాలో, కొల్లూరు దగ్గర అనంతవరంలో జరిగింది. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గారి ఆధ్వర్యంలో ఆ ఊళ్లోనూ, కృష్ణా జిల్లా కాజలోనూ సర్వే చేశారు. ఎన్నెకరాలని అడిగి వదల్లేదు. ఇంటివాళ్లు చేలో దిగుతారా, కూలీలను పెడతారా, తామే కూలికి పోతారా అన్నదాన్ని బట్టి కుటుంబాలను వేరుచేశారు. మూడెకరాలు పెట్టుకుని కూలికీ వెళ్లేవాడు, అంతే పొలం ఉండి గట్టు మీద గొడుగేసుకునేవాడు ఒక్క గడిలో పడకూడదు కదా! ఆ లెక్కలు 1977లో 'సోషల్ సైంటిస్ట్' పత్రికలో వచ్చాయి. 2005-06లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్లు మళ్లీ అనంతవరం వెళ్లి, నమూనా తీయకుండా ఇల్లిల్లూ తిరిగారు.

మళ్లీ కౌలు సంగతికొస్తే, 2011 నాటి రాష్ట్ర చట్టం కౌలుదార్లకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. 2019 చట్టం సాగు హక్కు పత్రం ఇస్తానంది, భూయజమాని సంతకం తెస్తే. ఆ సంతకం అడగడానికి వెళ్లలేకనే చాలామంది మా ఫారంలోనూ 'సొంతం' అని రాయించుకున్నారు.