వెలుతురు వెల: జూమ్ కటకం కథ

జగ్గయ్యపేట పక్కనున్న ధనంబోడు గుట్టమీద పూర్వం ఒక బౌద్ధస్తూపం వుండేది. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ స్థలాన్ని పరిశోధించాడు. అక్కడ దొరికిన సున్నపురాతి ఫలకాలలో ఒకటి లోకప్రసిద్ధి పొందినది. అందులో మాంధాత చక్రవర్తి చేయి పైకెత్తి నిలుచుండగా, మేఘాలనుండి నాణేలు వానవలె రాలుతూ వుంటాయి. ఆ ఫలకం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో వున్నది. రాలిపడే వస్తువును గాలిలోనే నిలిపి చూపడం సుమారు రెండువేల ఏళ్ళ క్రిందటి శిల్పికి సాధ్యమయింది. అయితే ఆయనకు తొందర లేదు. ఉలి ఎన్నాళ్ళయినా పనిచేయవచ్చును.

మా పాత విద్యార్థి ఒకడు నందిగామ, జగ్గయ్యపేటల మధ్య పల్లెలలో పెళ్ళి ఫొటోలు తీసి బతుకుతున్నాడు. ఒకప్పుడు కృష్ణాజిల్లా మెట్టప్రాంతమనిపించుకొన్న ఈ ఊళ్ళు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. కొన్నేళ్ళ క్రితం ఒకనాడు అతడు దిగులుగా నా దగ్గరకు వచ్చాడు. తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్రబెల్లం పెట్టే చేతులు, తలంబ్రాలు పోసే చేతులు, అన్నీ ఫొటోలో పొగవలె అలుక్కుపోయినవి.

“మాస్టారూ, కెమెరా మంచిదే. ముహూర్తం మళ్ళీ పెట్టమని అడగలేను గదా!” అన్నాడు.

పెళ్ళివారు డబ్బు ఇవ్వలేదు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి వున్నది. ఆ ఊళ్ళో మరెవ్వరూ అతనిని పిలవరు. ఈ కుర్రవాని కష్టానికి కారణమేమిటి, దానికి మందు ఎట్లా దొరికింది అని వెతుకుతూ పోతే, నూట ఎనభై ఏళ్ళ కటకాల చరిత్ర అంతా మన ముందు నిలుస్తుంది.

కటకానికి వేగమేమిటి?

కటకం, అనగా లెన్సు, కదిలేది కాదు. అయినా ఫొటోగ్రాఫర్లు “వేగంగల లెన్సు” అంటారు. నాభ్యంతరాన్ని కాంతి ప్రవేశించే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఎఫ్ సంఖ్య అంటారు. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరంగల కటకానికి ద్వారం సుమారు 18 మిల్లీమీటర్లయితే అది ఎఫ్ 2.8 కటకం. ఈ సంఖ్య ఎంత చిన్నదయితే కాంతి అంత ఎక్కువగా లోపలికి వస్తుంది. కాంతి ఎక్కువగా వస్తే తక్కువ కాలంలోనే చిత్రం తయారవుతుంది. వేగమనేది ఈ అర్థంలో వాడిన మాట.

మన కుర్రవాని కెమెరాతోపాటు వచ్చిన లెన్సు 18 నుండి 55 మిల్లీమీటర్ల జూమ్. దూరంగా వున్నదానిని దగ్గరకు లాగి 55 దగ్గర పెట్టేటప్పటికి దాని ఎఫ్ సంఖ్య 5.6 అవుతుంది. ఎఫ్ 2.8తో పోల్చితే వ్యాసం సగం, వైశాల్యం నాలుగో వంతు, కనుక వెలుతురు నాలుగో వంతే. ఆ మండపం వెలుతురులో అతడు సెకనులో 15వ వంతు కాలం తెర తెరచి వుంచవలసి వచ్చింది. చేయి సెకనుకు అరమీటరు వేగంతో కదిలినా, ఆ వ్యవధిలో మూడు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. చిత్రం అలుక్కుపోక ఏమవుతుంది? నాలుగు రెట్ల వెలుతురు దొరికితే సెకనులో 60వ వంతు చాలును. అప్పుడు చేయి కదలిక ఒక సెంటీమీటరు కూడా వుండదు.

మరి ద్వారం పెద్దది చేస్తే సరిపోదా? ఇక్కడే చిక్కు వున్నది. కటకం అంచులనుండి వచ్చే కిరణాలు, మధ్యనుండి వచ్చే కిరణాలు ఒకేచోట కలవవు. దీనిని గోళీయ విపథనం అంటారు. ద్వారం వ్యాసం రెండింతలయితే దీనివల్ల కలిగే మసక ఎనిమిది రెట్లవుతుంది. రంగులు విడిపోవడం, సరళరేఖలు వంగడం వంటి ఇతర దోషాలు కూడా వున్నవి. ఒక గాజుముక్క దోషాన్ని మరొక గాజుముక్కతో సరిదిద్దాలి. వేగంగల కటకం ఖరీదు కావడానికి కారణం గాజు ఒక్కటే కాదు, ఈ దిద్దుబాటు కూడా.

ఫిరంగిదళం వేసిన లెక్కలు

1839లో డాగేర్ ఫొటోగ్రఫీ పద్ధతి లోకానికి వెల్లడి అయినప్పుడు వాడుకలోవున్న కటకం సుమారు ఎఫ్ 15. మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. 1840లో వియన్నాలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్వాల్ కొత్త కటకాన్ని లెక్కగట్టాడు. దాని ఎఫ్ సంఖ్య సుమారు 3.6. అనగా వెలుతురు పదహారు రెట్లకు పైగా పెరిగింది. కిరణాల దారులను చేతితో లెక్కించడానికి ఆస్ట్రియా ఫిరంగిదళం నుండి గణితం తెలిసిన సైనికులను ఆయనకు సహాయంగా ఇచ్చారని చెబుతారు. ఆ కటకాన్ని తయారుచేసి అమ్మినది వియన్నాలోని ఫోక్ట్‌లెండర్ సంస్థ.

మన రాష్ట్రపు శిల్పాలకు కూడా ఆ కాలంలోనే కెమెరా ఎదురయింది. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. రాయి కదలదు గనుక మందగతి కటకమైనా ఇబ్బంది లేదు. కాని పెండ్లికుమార్తె రాయి కాదు.

నాభ్యంతరం మారే కటకం

వేగం దొరికింది. కాని దగ్గర దృశ్యానికొక కటకం, దూరపు దృశ్యానికొక కటకం మార్చుకోవలసి వచ్చేది. లోపలి గాజుముక్కలను ముందువెనుకలకు జరిపి నాభ్యంతరాన్నే మార్చవచ్చునని అమెరికావాడు క్లైల్ అల్లెన్ 1902లో పేటెంటు పొందాడు. 1932లో ఇంగ్లండులో తయారైన కుక్ వారో అనే 40 నుండి 120 మిల్లీమీటర్ల కటకం సినిమా కెమెరాలకు వచ్చింది. ఫొటో కెమెరా అంతకంటె కఠినమైన పరీక్ష. సినిమాలో ఒక బొమ్మ క్షణంలో మాయమవుతుంది. ఫొటోను మాత్రం జనం చేతిలో పట్టుకొని గంటసేపు చూస్తారు.

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లోపలి అద్దం కటకం చూపే దృశ్యాన్నే కంటికి చూపుతుంది. కనుక జూమ్ తిప్పితే ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము వాడే ఎస్.ఎల్.ఆర్. కోసం మొదటి జూమ్ 1959లో వచ్చింది. దాని పేరు జూమార్, 36 నుండి 82 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8. దానిని రూపొందించినవాడు వియన్నాలో పుట్టి అమెరికా చేరిన ఫ్రాంక్ బ్యాక్. అమ్మినది, నూట పందొమ్మిది ఏళ్ళ క్రిందట పెట్స్వాల్ కటకాన్ని అమ్మిన ఆ ఫోక్ట్‌లెండర్ సంస్థే! అనగా మొట్టమొదటి జూమే వేగంగల సాధారణ జూమ్. అయితే దానిలో 14 గాజుముక్కలు, ముందు తొడిగే ఫిల్టరు వ్యాసం 95 మిల్లీమీటర్లు. సామాన్యునికి అందే వస్తువు కాదు.

1963లో నికాన్ వారు 43 నుండి 86 మిల్లీమీటర్ల జూమును తెచ్చారు. అది ఎఫ్ 3.5, గాజుముక్కలు 9, ఫిల్టరు 52 మిల్లీమీటర్లు. జనానికి అందింది, విరివిగా అమ్ముడుపోయింది. కాని దానితో గోడను ఫొటో తీస్తే అంచు వంగి కనబడేది. వేగం, స్పష్టత, చవక అనే మూడింటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పని రోజులవి.

1973లో కెనాన్ 35 నుండి 70 మిల్లీమీటర్ల జూములో గాజుముక్కలను రెండే గుంపులుగా కదిలించి మంచి ఫలితం సాధించింది. పెట్స్వాల్ సైనికులు వేసిన లెక్కలను అప్పటికి కంప్యూటర్లు వేస్తున్నవి. గోళాకారం కాని తలంగల గాజును పోతపోసి చేయడం, రంగులను తక్కువగా విడదీసే గాజును వాడడం అలవాటయినవి. 1987లో నికాన్ 35-70, 1993లో కెనాన్ 28-70 వచ్చినవి. రెండూ అంతటా ఎఫ్ 2.8. రెండూ వృత్తిలో బాగా సంపాదించేవారికోసం చేసినవే. ఆ కెనాన్ బరువు 880 గ్రాములు.

2003లో జపానుకు చెందిన టామ్రాన్ 28-75, ఎఫ్ 2.8 జూమును 510 గ్రాములలో తెచ్చింది. 2006లో చిన్న సెన్సరు కెమెరాలకోసం 17-50, ఎఫ్ 2.8 జూమును తెచ్చింది. దాని బరువు 434 గ్రాములు, గాజుముక్కలు 16. జూమార్‌కంటె ముక్కలు తగ్గలేదని గమనించండి. తగ్గినది పరిమాణం, వెల. సిగ్మా సంస్థ 2010లో ఇటువంటి 17-50నే చేతివణుకును సరిదిద్దే యంత్రంతో తయారుచేసింది. వెలుతురు వెలను గాజు తగ్గించలేదు, లెక్క తగ్గించింది.

నా పొరపాటు

ఇంత చరిత్ర తెలిసికూడా ఆ కుర్రవానికి మొదట నేను తప్పు సలహా ఇచ్చాను. “జూమ్ ఎందుకురా? 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కొనుక్కో. చవక, ఇంకా వేగం” అన్నాను. అతడు కొన్నాడు. తరువాత ముహూర్తంలో వధూవరుల చుట్టూ బంధువులు మూగేసరికి, వెనక్కి జరగడానికి అడుగు చోటు లేక, ముఖాలు సగం సగం వచ్చినవి. నేను పాఠం చెప్పిన గది వెడల్పు వేరు, పెండ్లిపీటల ముందున్న చోటు వేరు.

ఈసారి ఇద్దరం కూర్చుని అతని పనినిబట్టి లెక్క వేశాము. అతని కెమెరా సెన్సరు చిన్నది. దానిమీద 28-75 లెన్సు పెడితే, పెద్ద సెన్సరుపై 45-120 చూపినంత దృశ్యమే కనబడుతుంది. ఇరుకుచోట పనికిరాదు. 17-50 అయితే సుమారు 27-80కి సమానం. కెమెరా సంస్థవారి సొంత ఎఫ్ 2.8 జూమ్ వెల అతని కెమెరా వెలనే మించిపోతున్నది. చేతివణుకును దిద్దే యంత్రం కెమెరా కదలికను ఆపుతుంది గాని తలంబ్రాలు పోసే చేతులను ఆపదు. అతనికి కావలసినది ఆ యంత్రం కాదు, ద్వారం. కనుక యంత్రంలేని పాత 17-50ని, ఒకరు వాడినదానిని, ఎంచుకొన్నాము.

వాడిన లెన్సును ఎట్లా పరీక్షించాలో విద్యార్థులు తెలుసుకోదగినది. చీకటిలో టార్చి వేసి లోపలికి చూడాలి. తేమవల్ల గాజుమీద సాలెగూడువంటి బూజు పడితే తీసుకోరాదు. వార్తాపత్రిక పేజీని గోడకు సమంగా అంటించి, కెమెరాను స్టాండుమీద పెట్టి, ఎఫ్ 2.8లో ఫొటో తీయాలి. నాలుగు మూలలూ కొంచెం మెత్తబడితే ఫరవాలేదు. ఒక్క మూల మాత్రమే మసకబారితే లోపలి గాజు పక్కకు జరిగిందని అర్థం. స్కేలును ఏటవాలుగా పెట్టి ఒక అంకెమీద గురి నిలిపి తీస్తే, స్పష్టత ఆ అంకెమీదనే పడుతున్నదా, ముందు వెనుకలకు పోతున్నదా తెలుస్తుంది. కొన్ని చవక నికాన్ కెమెరాలలో గురి నిలిపే మోటారు వుండదు. వాటికి మోటారుగల లెన్సే తీసుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాను. 50 దగ్గర, ఎఫ్ 2.8లో, రెండు మీటర్ల దూరాన స్పష్టంగా వుండే లోతు జానెడుకంటె తక్కువ. వధువు ముందుకు, వరుడు వెనుకకు వుంటే ఒకరి ముఖమే స్పష్టంగా వస్తుంది. ఫ్లాష్ వేస్తే కదలిక ఆగుతుంది నిజమే. కాని నేరుగా వేసిన ఫ్లాష్‌లో ముఖాలు తెల్లబడి, మండపపు దీపాల కాంతి చచ్చిపోతుంది. కెమెరా సున్నితత్వం పెంచితే చిత్రంలో ఇసుక చల్లినట్లు మచ్చలు వస్తాయి. ఏ మార్గానికైనా కొంత మూల్యం చెల్లించక తప్పదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 20 సెంటీమీటర్ల నాభ్యంతరంగల కుంభాకార కటకాన్ని తీసుకొని, రెండు సెంటీమీటర్ల రంధ్రంగల అట్టముక్క అడ్డుపెట్టి కొవ్వొత్తి ప్రతిబింబాన్ని తెరమీద పట్టండి. తరువాత నాలుగు సెంటీమీటర్ల రంధ్రంగల అట్ట పెట్టండి. ప్రతిబింబం నాలుగు రెట్లు ప్రకాశిస్తుంది, అంచులు మాత్రం మసకబారుతాయి. పెట్స్వాల్ నుండి నేటివరకు కటక నిర్మాతలు పడిన పాటంతా ఆ మసకను పోగొట్టడానికే.

నేడు అద్దంలేని కెమెరాలు ఎస్.ఎల్.ఆర్.ల స్థానాన్ని ఆక్రమిస్తున్నవి. అందువల్ల వాడిన ఎస్.ఎల్.ఆర్. లెన్సులు బీదవానికి మరింత దగ్గరగా వస్తున్నవి.

లెన్సు కొన్న నెలకు ఆ కుర్రవాడు ఒక ఫొటో తెచ్చి నా బల్లమీద పెట్టాడు. వధువు చేతులు, వరుని ముఖం తేటగా వున్నవి. రాలే తలంబ్రాలు మాత్రం సన్నని తెల్లగీతలుగా పడినవి. ఏలననగా, ముప్పది సెంటీమీటర్ల ఎత్తునుండి పడే గింజ సెకనుకు సుమారు రెండున్నర మీటర్ల వేగం అందుకుంటుంది. సెకనులో 60వ వంతులో అది నాలుగు సెంటీమీటర్లు జారుతుంది. “ఇవి ఆగలేదు మాస్టారూ” అన్నాడు. “ఆగనక్కరలేదు. అవి రాలుతున్నట్లు తెలుస్తున్నది చాలు” అన్నాను. ఆ ఊళ్ళో అతనికి మరో రెండు పెళ్ళిళ్ళు కుదిరినవి.