రేవు మూసిన పదిహేను నెలలు

రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలు వరుసగా లేచాయి. పక్కనే కొత్తగా తవ్విన బావులు. ఇంకొంచెం అవతల నేలను చీలుస్తూ పొడుగ్గా ఓ కాలువ గుంట. పార వేసేవాళ్లు వేస్తుంటే, తట్టలు ఎత్తేవాళ్లు ఎత్తుతున్నారు. తట్ట నెత్తిన పెట్టుకుని ఏటవాలు గట్టెక్కాలి, మట్టి కుమ్మరించి మళ్లీ దిగాలి. కడుపు నిండిన మనిషికి అదేమంత పని కాదు. ఇక్కడున్నవాళ్లు నెలల తరబడి ఆకులూ అలములూ తిని ప్రాణం నిలుపుకున్నవాళ్లు.

ఓ ఇల్లాలు సగం గట్టెక్కి కూలబడింది. తట్ట దొర్లిపోయింది. చటుక్కున రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది. ఇదివరకు పనిచేసిన చోట కూలబడితే దెబ్బ పడేది మరి.

ఇక్కడ దెబ్బ పడలేదు. మేస్త్రీ ముంతతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఏ ఊరమ్మా మీది?”

“కనిగిరి తట్టు అయ్యా.”

“ఎంతమంది వచ్చారు?”

“ఇల్లు కదిలినప్పుడు ఆరుగురం. ఇప్పుడు ముగ్గురం.”

మేస్త్రీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమెను నీడకు పొమ్మని, ఆ తట్ట తనే ఎత్తుకున్నాడు.

ఆమె పేరు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఆ ఊరూ, ఆ మాటలూ నేను ఊహించినవి. అలాంటి మేస్త్రీలు ఉన్నారన్నది మాత్రం ఊహ కాదు. ఆ కాలువ మీద పని చేయించినవాళ్లు ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లోని తెలుగు బోధకులు. ఎక్కువమంది మాదిగవాడల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు గుత్తేదారు జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ. జనం నోట ఆయన క్లౌ దొర.

1876లో వానలు మొహం చాటేశాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం, అందుకే పెద్దలు దాన్ని ధాత కరువన్నారు. మద్రాసు రాజధాని జిల్లాలు ఎండిపోయాయి. సర్కారు సహాయ పనులు తెరిచింది గానీ, ఖర్చు ఎక్కువవుతోందని వైస్రాయ్ లిట్టన్‌కు బెంగ పట్టుకుంది. ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో వచ్చి కూలి కోశారు. మగమనిషికి రోజంతా మట్టి మోస్తే ఒక పౌను గింజలు, ఓ అణా. పౌనంటే అరకిలో కన్నా తక్కువ. ఆ కొలతతో మనిషి బతుకుతాడో లేదో చూద్దామన్నట్టు ఉంది ఆ లెక్క. అందులోనూ మాదిగ కూలీ అయితే పైవాడి తిట్టూ, బెత్తమూ అదనం. పని ఉందని తెలిసి కూడా పనికి వెళ్లడానికి భయపడ్డవాళ్లున్నారు.

అప్పటికి క్లౌ ఒంగోలు వచ్చి పదేళ్లు దాటింది. 1866లో వచ్చారు. మరుసటేడు జనవరి 1న సంఘం కట్టినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. మిషనరీ కాకముందు ఆయన మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే బృందంలో పనిచేశారు. పడుచుతనంలో నేర్చుకున్న ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. తీరం వెంట సర్కారు తవ్విస్తున్న కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను ఆయన గుత్తకు తీసుకున్నారు. అదే మనం బకింగ్‌హాం కాలువ అంటున్నది. ఆ పేరు అప్పటి మద్రాసు గవర్నరుది. కూలి చేతికి అందాలి, కూలీ ఒంటి మీద చెయ్యి పడకూడదు, అంతే ఆయన లెక్క. మనుషుల్ని ఎవరి చేతికి అప్పగించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తన బోధకులనే పిలిచారు. నిన్నటిదాకా పల్లె పల్లె తిరిగి వాక్యం చెప్పినవాళ్లు ఇవాళ గుంటలు కొలిచి కూలి లెక్కగట్టే మేస్త్రీలయ్యారు.

ఈ బోధకులను గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. వాళ్లలో పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసిన మనిషి. క్రీస్తు మాట చెవిన పడకముందే గురువు దగ్గర కూర్చుని యోగం నేర్చినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, భార్య నాగమ్మతో కలిసి తమ వాళ్ల మధ్యే తిరగడం మొదలుపెట్టాడు. కొత్తగా నమ్మినవాళ్లకు ఒంగోలు మిషన్ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిగ్గానే ఉంటాయి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, జాతరకు డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి పోవడం, వీటి మీదే ఊళ్లో ఆ మనుషులకు గింజలు పుట్టేవి. కాదన్నవాడికి పని బందయ్యేది, దారి కట్టయ్యేది. కాబట్టి వాళ్ల విశ్వాసం నోటి మాటగా మిగిలే వీలు మొదటి నుంచీ లేదు. పొద్దున్న లేచి ఏం తినాలన్న దగ్గరే తేల్చుకోవాల్సిన విషయం అది.

రాజుపాలెం దండులోకి కలరా దిగింది. తెల్లారేసరికి గుడిసెల్లో శవాలు. భయపడి పారిపోయిన జనం ఆకలికి మళ్లీ వచ్చారు. పోయినవాళ్ల చోటికి కొత్తవాళ్లు చేరారు. మధ్యాహ్నం పార పక్కన పెట్టే వేళకు బోధకులు వాళ్ల మధ్య కూర్చునేవారు. దేవుడెందుకిలా చేశాడని వాళ్లడిగేవారు. వీళ్లు తమకు తెలిసింది చెప్పేవారు. కొందరు వినేవారు, కొందరు కునుకు తీసేవారు.

ఇక్కడే అసలు సంగతి. విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వనన్నారు క్లౌ. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి ఇస్తున్నది తన చెయ్యి, సాయం పంచుతున్నది తన చెయ్యి. అదే చేత్తో నీళ్లలో ముంచితే, మనిషి కూటికి వచ్చాడో క్రీస్తుకు వచ్చాడో వాడికే తెలియకుండా పోతుందని ఆయన భయం. కూలి అందరికీ ఒకటే. సంఘంలో పేరున్నవాడికి ఒక చారెడు ఎక్కువ లేదు, లేనివాడికి తక్కువ లేదు.

మిషనరీల నివేదికల్లో అన్నిటికన్నా ముందు కనిపించేది అంకె. ఈ ఏడు ఎంతమంది చేరారన్న దానికి సముద్రం అవతల చందాదారులు ఎదురుచూస్తుంటారు. వేలమంది తలుపు దగ్గర నిలబడి ఉండగా ఆ గడిలో సున్నా చుట్టడానికి గుండె కావాలి. క్లౌ చేసిన పనులన్నిటిలో నాకు పెద్దదిగా కనిపించేది ఈ చేయకుండా ఉండటమే.

అన్నం పెట్టే చెయ్యీ బోధించే నోరూ ఒకే మనిషివైతే, వినేవాడికి నిజంగా స్వేచ్ఛ ఉంటుందా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. పదిహేను నెలల విరామం దానికి పూర్తి జవాబు కాదు. కానీ ఆ ప్రశ్నను ఎవరో వేయకముందే తనకు తాను వేసుకున్న మనిషి క్లౌ అని ఒప్పుకోవాలి.

1878 నడివేసవి దాటేసరికి పని ముగిసింది. సాయం కోసం వచ్చిన సొమ్ములో చివరి మొత్తం పంచడానికి క్లౌ జనాన్ని వెల్లంపల్లికి రమ్మన్నారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్లు, గుండ్లకమ్మ ఒడ్డు. వచ్చినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పారు: డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అని. జనం కదల్లేదు. తాము డబ్బు అడగడం లేదన్నారు. కాయలు కాచిన అరచేతులు చాపి, కష్టపడి తిన్నామని చూపించారు. వచ్చే పంటా పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తామన్నారు.

ఇక ఆపడానికి క్లౌ దగ్గర కారణం మిగల్లేదు. బోధకులు ఎవరి పల్లెల వాళ్లను వాళ్లు విడివిడిగా కూర్చోబెట్టి విచారించారు. తెలిసినవాడు తెలిసినవాణ్ని అడిగే ప్రశ్నలు కాబట్టి మాయ చేయడం కష్టం. కొందరిని ఇంకా ఆగమన్నారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న మరికొన్ని వందల మంది నదిలోకి దిగారు. 3వ తేదీన గుమస్తాలు పేర్లు చదువుతుంటే, దీక్ష పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఒకేసారి ఇద్దరు చొప్పున, అలసినప్పుడల్లా మారుతూ బాప్తిస్మాలిచ్చారు. పొద్దున్న మొదలై, మధ్యాహ్నం కాస్త ఆగి, పొద్దుగూకే దాకా సాగింది. బైబిల్లో చెప్పిన పెంతెకొస్తు దినాన మూడువేల మందిని నీళ్లలో ముంచడం ఒక్కరోజులో అయ్యే పనేనా అని పాశ్చాత్య పండితులు వాదించుకుంటున్న కాలమది. బాప్టిస్టులు గుండ్లకమ్మ లెక్క చూపించి అవుతుందన్నారు. కనిగిరి, పొదిలి తట్టు నుంచి నడిచొచ్చినవాళ్లకు ఆ తగువు సంగతే తెలియదు.

ఆ ఏడాది ముగిసేసరికి బాప్తిస్మాల సంఖ్య 9,606. అంతమందికి చదువు, వైద్యం, బోధకులు ఎక్కణ్నుంచి తేవాలన్నదే తర్వాత క్లౌ బతుకంతా అయ్యింది. 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ను భార్య ఎమ్మా 1914లో వెలువరించారు. ఒంగోలులో క్లౌ స్మారక ఆసుపత్రి వెలిసింది.

దొర కథను ఆ పుస్తకం భద్రం చేసింది. తట్ట మోసినవాళ్ల కథ మాత్రం వాళ్ల మనవల, మునిమనవల ఇళ్లలో మాటగా బతికింది, కొన్ని ఇళ్లలో అదీ ఆరిపోయింది. ఒంగోలు, కనిగిరి, పొదిలి, మార్కాపురం తట్టున మా ముత్తాత కాలువ పనికి పోయాడనే పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. పేరు, ఊరు, గుర్తున్నంత మేర రాసి పెట్టండి.