వోల్క్‌హోవెన్ నుండి విశాఖ వరకు: పాఠశాలలో వినేవారి చరిత్ర

తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అన్న మాట రెండు అర్థాలలో స్థిరపడింది. ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చాక ఇంజనీరింగు సీటు కోసం కళాశాలలు ఎంచుకునే ప్రక్రియ ఒకటి. తాగి వాహనం నడిపినవారిని, రౌడీషీటర్లను పిలిపించి పోలీసు అధికారులు చేసే హితబోధ మరొకటి. రెండింటిలోనూ నిర్ణయమో ఉపదేశమో అధికారుల వైపు నుండే వస్తుంది. ఈ వృత్తికి అసలు అర్థం ఇందుకు దాదాపు విరుద్ధం. అందులో కలత చెందినవారు మాట్లాడతారు, శిక్షణ పొందిన వ్యక్తి వింటారు, విన్నదాన్ని బయటపెట్టరు. ఈ మూడవ అర్థం ఒక సమాజంలో ఎలా నిలదొక్కుకుంటుందో తెలుసుకోవడానికి జర్మనీలోని కొలోన్ నగర చరిత్ర ఉపకరిస్తుంది. అక్కడ కూడా అది తేలికగా రాలేదు.

పాఠశాలకు మనస్తత్వవేత్త అవసరమన్న ఆలోచన జర్మనీలో పాతదే. విలియం స్టెర్న్ 1910 ప్రాంతంలోనే ఈ ప్రతిపాదన చేశాడు. 1922లో మన్‌హైమ్ నగరం హన్స్ లెమ్మెర్‌మన్‌ను పాఠశాలల మనస్తత్వవేత్తగా నియమించింది. అదే కాలంలో వియన్నాలో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కలుపుకొని పిల్లల సలహా కేంద్రాలు నడిపాడు. కాని స్టెర్న్, ఆడ్లర్ ఇద్దరూ యూదు కుటుంబాలలో పుట్టినవారు. 1933లో నాజీలు స్టెర్న్‌ను హాంబుర్గ్ విశ్వవిద్యాలయం నుండి తొలగించారు. అతడు 1938లో అమెరికాలో మరణించాడు. వియన్నా కేంద్రాలు 1934లో మూతపడ్డాయి. యుద్ధం ముగిసేసరికి ఆ సంప్రదాయం చాలావరకు తెగిపోయింది.

ఆ లోటు ఎంతటిదో 1964 జూన్ 11న కొలోన్ ఉత్తర భాగంలోని వోల్క్‌హోవెన్‌లో తెలిసింది. ఆనాటి ఉదయం 42 సంవత్సరాల మాజీ సైనికుడొకడు అక్కడి కాథలిక్ ప్రాథమిక పాఠశాలలో ప్రవేశించాడు. పురుగుమందు చల్లే యంత్రాన్ని అతడు మంటలు చిమ్మే ఆయుధంగా మార్చుకున్నాడు. తరగతి గదుల కిటికీలు పగలగొట్టి లోపలికి మంటలు చిమ్మాడు. పిల్లలను కాపాడబోయిన ఉపాధ్యాయినులు గెర్ట్రూడ్ బొలెన్‌రాత్, ఉర్సులా కూర్ అతని బల్లెపు పోట్లకు మరణించారు. కాలిన గాయాలతో ఎనిమిదిమంది పిల్లలు తరువాతి రోజులలో, వారాలలో కన్నుమూశారు. విషం మింగిన దుండగుడు ఆ రోజే చనిపోయాడు. క్షయవ్యాధికి యుద్ధసేవే కారణమని గుర్తించి పింఛను ఇవ్వాలని అతడు ఏళ్ల తరబడి కార్యాలయాలతో పోరాడాడు. 1961లో అతని భార్య ప్రసవ సమయంలో మరణించింది. అతని మానసిక అస్వస్థత అంతకు ముందే వైద్య నివేదికలో నమోదై ఉంది. అయినా అతని సంగతి పట్టించుకోవలసిన బాధ్యత ఎవరిదో తేలలేదు.

మరణించినవారికి నగరం ఘనంగా నివాళి అర్పించింది. తరువాత ఒక పాఠశాలకు ఉర్సులా కూర్ పేరు పెట్టారు. బతికిన పిల్లల కాలిన చర్మానికి ఆస్పత్రులలో నెలల తరబడి చికిత్స జరిగింది. వారి భయానికి మాత్రం చికిత్స లేదు. ఆనాటి విద్యార్థులు పెద్దయ్యాక తమతో ఆ విషయం ఎవరూ మాట్లాడలేదనీ, ఇంట్లోనూ బడిలోనూ దానిని తలవనివ్వలేదనీ చెప్పుకొచ్చారు.

దీనిని కేవలం నిర్దయ అనుకోరాదు. పిల్లలు మరచిపోతారనీ, గుర్తుచేస్తే గాయం పెరుగుతుందనీ అప్పటి పెద్దలు నిజంగానే నమ్మారు. ఆ పెద్దలు ఎవరన్నది కూడా చూడాలి. యుద్ధకాలంలో కొలోన్‌పై 262 వైమానిక దాడులు జరిగాయి. 1942 మే 30 రాత్రి ఒక్కటే సుమారు వేయి విమానాలు నగరంపై విరుచుకుపడ్డాయి. శిథిలాలలోనుంచి లేచిన ఆ తరం తన భయాన్నే ఎన్నడూ నోరు విప్పి చెప్పుకోలేదు. తమకు దక్కనిది పిల్లలకు అవసరమని వారికి తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. వైద్యశాస్త్రం కూడా వారికి తోడుగా రాలేదు. ఆఘాతం తరువాత కలిగే ఒత్తిడి రుగ్మతకు అమెరికన్ మనోవైద్య వర్గీకరణలో ప్రత్యేక స్థానం దొరికింది 1980లోనే.

మార్పు విద్యా సంస్కరణల దారిలో వచ్చింది. 1970లో జర్మన్ విద్యామండలి సలహా సేవను విద్యావ్యవస్థ మౌలిక విధులలో ఒకటిగా పేర్కొంది. 1973 నాటి జాతీయ విద్యాప్రణాళిక 1985 నాటికి 5,000 మంది విద్యార్థులకు ఒక మనస్తత్వవేత్త, 500 మందికి ఒక సలహా ఉపాధ్యాయుడు ఉండాలని లక్ష్యం పెట్టింది. గడువులోగా అది నెరవేరలేదు, కాని పని విభజన స్పష్టపడింది. సలహా ఉపాధ్యాయుడు బడిలోనే ఉంటూ విద్యార్థికి మొదటి ఆసరా అవుతాడు. మనస్తత్వవేత్త బడి వెలుపలి సేవాకేంద్రంలో పనిచేస్తాడు. అక్కడికి వెళ్లడం ఐచ్ఛికం, రుసుము ఉండదు. మనస్తత్వవేత్త వృత్తి రహస్యాన్ని వెల్లడించడం జర్మన్ శిక్షాస్మృతి 203వ సెక్షను ప్రకారం నేరం. మార్కులు వేసేవారు, మనసు వినేవారు ఒకరే కాకూడదన్న వివేకం ఈ ఏర్పాటులో కనిపిస్తుంది.

ఆఘాతానికి గురైనవారికి సహాయపడే పద్ధతిలో కొలోన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1990ల నుండి కొలోన్ విశ్వవిద్యాలయంలో గాట్‌ఫ్రీడ్ ఫిషర్, ఆయన సహచరులు నేరబాధితులపై పరిశోధన చేసి ‘కొలోన్ బాధితసహాయ నమూనా’ను రూపొందించారు. ఒకే సంఘటనకు లోనైనవారందరికీ ఒకే సహాయం సరిపోదన్నది దాని సారం. కొందరు తమవారి అండతో తామే కోలుకుంటారు. కొందరి స్థితి ఆ తరువాతి పరిస్థితులను బట్టి ఎటైనా తిరుగుతుంది. మరికొందరు చికిత్స లేకపోతే దీర్ఘకాలం కుంగిపోతారు. ఎవరు ఏ వర్గానికి చెందుతారో తొలివారాలలోనే అంచనా వేయడానికి వారు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందరినీ ఒక్కసారి కూర్చోబెట్టి జరిగినది చెప్పించి పంపివేయడం వల్ల రుగ్మత ఆగదని తరువాతి అధ్యయనాలు కూడా చూపాయి. మౌనం ఎంత హానికరమో, తొందరపెట్టి మాట్లాడించడం కూడా అంతే నిరుపయోగమని దీనివల్ల తెలిసింది.

అయితే పద్ధతి ఉన్నంత మాత్రాన అది అందరికీ అందదు. 2004 జూన్ 9న తుర్కీ మూలాలవారి దుకాణాలు బారులు తీరిన కొలోన్ కోయిప్‌స్ట్రాసె వీధిలో మేకుల బాంబు పేలి 22 మంది గాయపడ్డారు. పోలీసులు ఏళ్ల తరబడి ఆ వీధివారినే అనుమానించారు. అది నవనాజీ ముఠా పని అని 2011 నవంబరులో బయటపడింది. బాధితుణ్ణి నిందితుడిగా చూసే చోట అతని మాట వినేవారు ఉండరు. సమాజంలో సలహాదారు మొదటి పని బాధితుని మాటను నమ్మడమేనని ఆ వీధి నేర్పింది.

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానం ఆల్ప్స్ పర్వతాలలో కూలి 150 మంది మరణించారు. వారిలో హాల్టెర్న్ పట్టణానికి చెందిన 16 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు ఉన్నారు. ఏప్రిల్ 17న కొలోన్ కాథెడ్రల్‌లో సంస్మరణ జరిగింది. కాని ఆ సంస్మరణకు వారాల ముందే, దుర్వార్త అందిన వెంటనే, ఆ బడికి మనస్తత్వవేత్తలు చేరుకున్నారు. అదే రాష్ట్రంలో 1964కూ 2015కూ మధ్య వచ్చిన మార్పు ఇది.

మన విషయానికి వస్తే, 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, మానసిక ఆరోగ్యం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల సలహాదారు ఒక్కరైనా ఉండాలనీ, మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయరాదనీ, అందరిముందూ అవమానించరాదనీ మార్గదర్శకాలు విధించింది. 2022 అక్టోబరు నుండి టెలిమానస్ సేవ 14416 నంబరులో అందుబాటులో ఉంది.

ఇవి ముఖ్యమైన అడుగులు. కాని నియామకంతోనే పని పూర్తికాదని కొలోన్ అనుభవం చెబుతుంది. కార్పొరేటు కళాశాల జీతమిచ్చే సలహాదారు, విద్యార్థి చెప్పినది ప్రిన్సిపాలుకు చేరవేయవలసి వస్తే, రెండవసారి ఆ గదికి ఏ విద్యార్థీ రాడు. ఆ ఉద్యోగికే హాస్టలు పర్యవేక్షణ, ఫీజు వసూళ్లు, ప్రవేశాల ప్రచారం కూడా అప్పగిస్తే మిగిలేది పదవి పేరు మాత్రమే. సలహాదారు ఎవరికి జవాబుదారీ, విన్నదానిని ఎవరికి చెప్పనక్కరలేదు, ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరికి తప్పక చెప్పాలి అన్న మూడు విషయాలు నియమావళిలో రాతపూర్వకంగా ఉండాలి. వోల్క్‌హోవెన్ పిల్లలు తమ మాట వినేవారి కోసం దశాబ్దాలు ఎదురుచూశారు. మన జూనియర్ కళాశాలల పిల్లలకు ఉన్న గడువు రెండు సంవత్సరాలు.