త్వరిత వాక్కు: చెవి ఎంత దూరం వెంట రాగలదు?

మాదాపురంలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే సంవత్సరం, అక్కడికి కొద్ది దూరంలోని గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. హైటెక్ సిటీ చరిత్ర చెప్పేవారు రాళ్ళ గుట్టల మధ్య అద్దాల మేడలు లేచిన వైనం చెబుతారు. నేను చెప్పదలచినది ఆ మేడలలో వినబడిన ఒక ధ్వనిని గురించి.

ఆ ప్రాంతంలో నేను ఉద్యోగం చేసిన రోజులలో, చూపులేని మిత్రుడొకరు నా పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఆయనకు కళ్ళు. ఒకనాడు కుతూహలం కొద్దీ ఆయన హెడ్‌ఫోను నా చెవికి పెట్టుకున్నాను. తుమ్మెదల రొద తప్ప ఒక్క మాటా అందలేదు. ఆయనకు మాత్రం ప్రతి వాక్యమూ స్పష్టం. అదంతా ఇంగ్లీషు. "మరి తెలుగు?" అని అడిగాను. "తెలుగు ఎదురైతే ఇది నోరు మూసుకుంటుందండీ" అని నవ్వారు. ఆ నవ్వు చాలాకాలం నన్ను వెంటాడింది.

వాక్కు వేగాన్ని గురించిన ఆలోచన మనవారికి కొత్త కాదు. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరుగురిని లెక్కించి, వారిలో గబగబా చదివేవాడినీ చేర్చింది. పతంజలి మహాభాష్యంలో ద్రుత, మధ్యమ, విలంబిత వృత్తులను చర్చిస్తూ ఒక సూక్ష్మమైన మాట చెప్పాడు. భేరిని ఒకమారు కొడితే నాదం కొంత దూరం పోతుంది, మరొకమారు ఇంకా దూరం పోతుంది, దెబ్బ దెబ్బే. అలాగే పలికే వేగం మారినా స్ఫోటం మారదు, ధ్వని మాత్రమే హెచ్చుతగ్గులవుతుందని ఆయన సిద్ధాంతం. మాట మారకుండా వేగాన్ని ఎంతవరకు మార్చవచ్చునన్న ప్రశ్నకు ఇదే ప్రాతిపదిక.

ఆ ప్రశ్నను యంత్రంతో పరీక్షించడం ఇరవయ్యవ శతాబ్దంలో సాధ్యమైంది. గ్రామఫోను పళ్ళాన్ని వేగంగా తిప్పితే మాటతో పాటు శ్రుతి కూడా పెరిగి ఉడుత గొంతు వస్తుంది. అమెరికాలో గార్వే అనే పరిశోధకుడు మాటలను టేపు మీద ముద్రించి, నడుమ నడుమ చిన్న ముక్కలు కత్తిరించి, మిగిలినవి అతికించాడు. శ్రుతి చెడలేదు, కాలం మాత్రం తగ్గింది. 1953లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, వేగం రెట్టింపైనా విడి మాటలు బాగానే గుర్తుపట్టగలిగారు. మరుసటి సంవత్సరమే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫెయిర్‌బ్యాంక్స్ బృందం ఈ పనిని స్వయంగా చేసే యంత్రాన్ని వర్ణించింది.

అయితే మాట వినబడడం వేరు, విషయం బోధపడడం వేరు. తానే అంధుడైన ఎమర్సన్ ఫౌల్కే లూయివిల్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనలలో ఇది తేలింది. నిమిషానికి సుమారు 275 ఇంగ్లీషు మాటలు దాటితే అవగాహన వేగంగా పడిపోతుంది. చెవి పట్టుకున్నదానిని మనసు సర్దుకొనే వ్యవధి చాలదన్నమాట. అందుకే వాక్యాల విరుపుల దగ్గర కొంత విరామం తిరిగి చేరిస్తే, పోయిన అవగాహన కొంత తిరిగి వస్తుందని తరువాతి పరిశోధకులు చూపారు. సాధనతో ఈ హద్దు కూడా జరుగుతుంది. మామూలు శ్రోతలు సెకనుకు ఎనిమిది అక్షరాల వరకు అందుకోగలిగితే, అలవాటు పడిన అంధులు ఇరవై రెండింటి దాకా అందుకోగలరని జర్మనీలో తేల్చారు.

మన దగ్గరి కృషీ తక్కువది కాదు. ఆచార్య బి. యజ్ఞనారాయణ గారు మద్రాసు ఐఐటీలో దీర్ఘకాలం పనిచేసి గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి వచ్చారు. కె. శ్రీనివాసరావుతో కలిసి 2006లో ఆయన ప్రచురించిన పద్ధతి, టేపును గుడ్డిగా కత్తిరించదు. స్వరతంత్రులు మూసుకొనే క్షణాలను ముందు గుర్తించి, వాటిని ఆధారం చేసుకొని వ్యవధినీ శ్రుతినీ మారుస్తుంది.

ఇక తెలుగు సంగతి. మెడ, మేడ, కల, కల్ల. ఈ రెండు జంటలలోనూ భేదం తొలి అక్షరం లఘువా గురువా అన్నదే. అంటే మన భాషలో కాలమే అర్థాన్ని నిర్ణయిస్తోంది. కన్నడానికీ ఇదే లక్షణం. యంత్రం అన్నిటినీ సమంగా కుదిస్తే ఒకటికి రెండన్న మాత్రల నిష్పత్తి చెడదు. మనిషి తొందరలో మాట్లాడితే అచ్చులు హల్లులకన్నా ఎక్కువ నలుగుతాయి, నిష్పత్తి చెదురుతుంది. మనిషి గబగబా పలికిన దానికన్నా యంత్రం సమంగా కుదించినదే తేలికగా అర్థమవుతుందని నెదర్లాండ్స్‌లో ఎస్తర్ యాన్సే 2004లో డచ్చి భాషపై చూపింది. తెలుగుకు ఇది మరింత వర్తిస్తుందని నా ఊహ.

మరొక చిక్కు లెక్కలో ఉంది. "చెప్పలేకపోయాడు" మనకు ఒక్క మాట, ఏడు అక్షరాలు. ఇంగ్లీషులో అది నాలుగైదు మాటల వాక్యం. కనుక నిమిషానికి 275 మాటలన్న కొలత మనకు అతకదు. అక్షరాలనో మాత్రలనో లెక్కించాలి. సమాచార వేగంపై 2019లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం పదిహేడు భాషలను తూచింది. వాటిలో ద్రావిడ భాష ఒక్కటీ లేదు.

2021లో వాట్సాప్ శబ్ద సందేశాలను రెట్టింపు వేగంతో వినే సదుపాయం ఇచ్చాక మనమంతా శీఘ్ర శ్రోతలమయ్యాము. మనకది సౌకర్యం, ఆయనవంటి వారికి జీవిక. తెలుగు గొంతును తయారు చేసేవారు మాధుర్యాన్ని మాత్రమే చూసుకుంటే, వేగంలో ఆ గొంతు నలిగిపోవచ్చు. ఈస్పీక్ వంటి యంత్రపు గొంతు ఎంత బిరుసుగా ఉన్నా, వేగంలో స్పష్టత చెడదనే చాలామంది అంధులు దానినే కోరుకుంటారు.

ఒకప్పుడు ఆయన సాఫ్ట్‌వేరు నోరు మూసుకోవడానికి సగం కారణం, మన వెబ్ పత్రికలు ఎవరి ఖతి వారు వాడుకోవడం. కంటికి తెలుగుగా కనిపించిన ఆ పుటలు యంత్రానికి అర్థంలేని రోమను గుర్తులు. యూనికోడ్‌లో రాయాలని పట్టుబట్టిన తొలినాటి బ్లాగరులు, తమకు తెలియకుండానే, వినేవారి కోసం కూడా రాశారు.

ఈ టపా చిత్తుప్రతిని ఆ మిత్రునికి పంపాను. ఫోనులో విన్నారు. "ఇంగ్లీషు వేగం మీద పెడితే అందలేదండీ, రెండు మెట్లు దిగాను" అన్నారు. తెలుగు కష్టమైనదా అని అడిగాను. "కాదు, ఇంగ్లీషు ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. తెలుగు వినడం మొన్ననే కదా మొదలుపెట్టింది" అన్నారు.