యంత్రనేత్రము: చూచునది యెవరు?

పాశ్చాత్యుల విజ్ఞానకల్పనాకథలలో యంత్రనేత్రము చిరకాలముగ కానవచ్చుచున్నది. పోయిన కనుగ్రుడ్డునకు బదులుగ యంత్రము నమర్చి, దానిని నాడులతో కలుపుట యిందలి కల్పన. ఇది యెందులకని యడిగినచో, చీకటిలో చూచుటకును, దూరవస్తువులను దగ్గఱగ చూచుటకును అని పలువురు చెప్పుదురు. ఇది చలనచిత్రములు నేర్పిన సమాధానము. మూలగ్రంథములను తెఱచినచో వేఱొక ప్రశ్న యెదురగును. ఆ కన్ను చూచుట నిజమే, ఎవరికొఱకు చూచుచున్నది?

మనుష్యుడును యంత్రమును కలిసిన దేహమునకు “సైబోర్గ్” అను పేరును 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నాథన్ క్లైన్ అను నిరువురు పెట్టిరి. అంతరిక్షయానమున మనుష్యదేహము నిలుచుటకు వలసిన మార్పులే వారి విషయము. 1972లో మార్టిన్ కైడిన్ ఆ మాటనే పేరుగ నుంచి యొక నవల వ్రాసెను. అందలి స్టీవ్ ఆస్టిన్ అను వైమానికుడు ప్రమాదమున రెండు కాళ్లను, ఒక చేతిని, ఒక కంటిని పోగొట్టుకొనును. ప్రభుత్వము విశేషధనము వెచ్చించి యంత్రాంగముల నమర్చి, యతనిని గూఢచర్యమునకు వినియోగించుకొనును. ఇదియే టెలివిజనులో “ఆరు మిలియను డాలరుల మనిషి”గా ప్రసిద్ధి కెక్కినది. టెలివిజనులోని ఆస్టిన్ ఆ కంటితో దూరమును చూచును, చీకటిలోను చూచును. నవలలోని ఆస్టిన్ ఆ కంటితో ఏమియు చూడడు! అది ఛాయాచిత్రములు తీయు కెమెరా మాత్రమే. పని ముగిసిన పిమ్మట దానిని కంటినుండి వెలికి తీయవలసినదే. మోయువాడు అతడు, చూచువారు పై యధికారులు. టెలివిజనువారు ఈ లోపమును దిద్దితిమని తలచిరి కాబోలు. వారు దిద్దినది కథలోని సత్యమునే యని నా యభిప్రాయము.

రెండేండ్లకు ఇంగ్లండున డి. జి. కాంప్టన్ ఇంకను కఠినమైన కథ చెప్పెను. “ది కంటిన్యువస్ కాథరిన్ మోర్టెన్‌హో” యను నా నవలలో రోగముచే అకాలమరణము పొందుట అరుదైపోయిన లోకము వర్ణింపబడినది. అట్టిచోట నొక స్త్రీ కొలదిదినములలో మరణించునని తేలును. ఆమె చావును ప్రజలకు చూపి లాభము పొందనెంచిన టెలివిజను సంస్థ తన యుద్యోగియొక్క కన్నులలోనే కెమెరాల నమర్పించును. అతడు స్నేహితునివలె ఆమె వెంట నడచును. అతడు చూచినదెల్ల జనులు చూతురు. ఆమె కన్నీరు తుడుచుటకై వంగినను అది ప్రదర్శనమే యగును. 1980లో ఫ్రెంచి దర్శకుడు బెర్ట్రాండ్ తవెర్నియే దీనిని చిత్రముగ తీసెను. అందు ఆ కన్నులకు వెలుతురు లేకున్న చూపు పోవును. అతడు తుదకు చేతిదీపమును విసరివైచి అంధుడగును. తన కన్నులను యజమానినుండి విడిపించుకొనుటకు అతనికి మిగిలిన మార్గము అదియొక్కటే.

1982నాటి విలియం గిబ్సన్ కథ “బర్నింగ్ క్రోమ్”లో యజమానియు కానరాడు. అంగడి మాత్రమే యున్నది. తారయై వెలుగగోరు రిక్కి యను పడుచు, జైస్ ఐకన్ అను జర్మను పేరుగల కన్నులను కొనుటకు దేహమునే విక్రయించును.

1987లో వెలువడిన “స్టార్ ట్రెక్” క్రొత్త కథావళిలోని జోర్డీ లా ఫోర్జ్ దీనికి అపవాదమని చెప్పదగును. అతడు పుట్టంధుడు, కన్నులపై ధరించు సాధనముతో చూచుచు ఓడయొక్క యంత్రశాల నడుపును. అంధుని దయాపాత్రునిగ గాక పనివానిగ చూపిన ఘనత యీ కథకు కలదు. ఐనను 1994నాటి చిత్రములో శత్రువులు ఆ సాధనమును మార్చి, అతనికి తెలియకుండ అతని చూపుతోనే ఓడ రహస్యములను గ్రహింతురు.

ఇవి కల్పనలని త్రోసివేయుటకు వీలులేదు. అంధులకు చూపు నిచ్చు ఆర్గస్ 2 అను యంత్రమునకు 2011లో ఐరోపాలోను, 2013లో అమెరికాలోను అనుమతి లభించెను. కండ్లజోడులోని కెమెరా చూచినది, కంటి వెనుకపొరపై నమర్చిన 60 విద్యుద్ధ్రువములద్వారా నాడులకు చేరును. రూపములు స్పష్టముగ కానరావు. వెలుగునీడలు, ద్వారపు అంచులు తెలియును. ఏమియు కానరానివారికి అది స్వల్పము కాదు. ఆర్గస్ గ్రీకు పురాణములోని బహునేత్రుడు. మన సహస్రాక్షుని కన్నులవలె అవి శాపఫలములు కావు. ఐనను హేరాదేవి యావును కాయుటకే అవి వినియోగపడెను. ఆ పేరు పెట్టినవారికి ఈ సంగతి తోచెనో లేదో!

ఆ యంత్రమును నిర్మించిన సెకండ్ సైట్ అను కాలిఫోర్నియా సంస్థ 2019లో దానిని విడిచిపెట్టెను. మరుసటియేట ఉద్యోగులలో అధికభాగమును తొలగించెను. లోకమున 350కి మించిన వారు అప్పటికి దానిని ధరించియుండిరి. వారి యవస్థను 2022లో ఐ.ఈ.ఈ.ఈ. స్పెక్ట్రమ్ పత్రిక వెల్లడించెను. దేహమున యంత్రము నమర్చు సంస్థ చేతులెత్తినచో దాని మరమ్మతు ఎవరి బాధ్యతయో, దాని నిర్మాణరహస్యములు ఎవరికి దక్కవలెనో, అనుమతి నిచ్చిన నాడే శాసనము నిర్ణయింపవలసియుండెను. అట్లు జరుగలేదు. యంత్రము చెడినవారు బాగుచేయువారు లేక మరల చీకటిలో మిగిలిరి. దానిని తీయించుకొనవలెనన్నను మరల శస్త్రచికిత్స కావలెను.